నాలుగు చెవుల జాడీ

పావగడ వెళ్లొచ్చానని చెబితే మా తెనాలిలో కనిపించిన ప్రతివారూ ఒకటే అడిగారు, "ఏం, శని పట్టిందా?" అని. అక్కడి శనిదేవుడి గుడికి అంత పేరు. శని సంగతి తెలీదు గాని, నన్ను మూడేళ్లుగా పట్టుకుని వదలనిది మాత్రం జాడీల పిచ్చి. పాత ఊరగాయ జాడీలు, నూనె జాడీలు, ఎప్పుడో ఓడల మీద సరుకు నింపుకొచ్చిన జాడీలు. ఎక్కడ ఉన్నాయంటే అక్కడికి బస్సెక్కుతాను.

ఈ పిచ్చి ఎలా మొదలైందో చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా ఆయన పోయిన పదకొండో రోజున, వాళ్ల తరఫు పెద్దలు ఇంట్లోని మట్టికుండలన్నీ మైలపడ్డాయని బయట పారేశారు. అది మా వైపు అందరిళ్లలోనూ ఉన్నదే. ఆ ఊపులో మా అమ్మమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీని కూడా అరుగు మీంచి విసిరేశారు. "అది పింగాణీ అండీ, దానికి మైల లేదు" అని ఒక్క మాట అని ఉంటే ఆగేవారు. నా నోరు పెగల్లేదు. పెంకులు ఏరుకుంటూ నేను ఏడ్చింది ఆయన కోసమో జాడీ కోసమో నాకే తెలీలేదు. ఆ తర్వాత నెలలోనే మొదటి జాడీ కొన్నాను. ఇప్పటికి పదమూడు ఉన్నాయి.

నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్‌ని. ఇరవై రెండేళ్లుగా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊరూరి గొంతులూ వింటున్నాను. హలో అనగానే మనిషిది ఏ వైపో చెప్పేస్తానని నాకు గర్వం. ఆ చెవి జాడీల దగ్గరా పనికొచ్చింది. వేలి కణుపుతో తట్టి చప్పుడు వింటే బీట ఉందో లేదో తెలిసిపోతుంది. తర్వాత బోర్లించి అడుగు చూడాలి, చేసినవాళ్ల ముద్ర అక్కడే ఉంటుంది. తట్టడం, బోర్లించడం. జాడీ కనిపిస్తే చాలు, నా చేతులు నన్ను అడక్కుండానే ఈ రెండు పనులూ చేసేస్తాయి.

హిందూపురంలో ఉండే మా చెల్లెలు సుబ్బులు ఆ వేసవిలో ఉత్తరం రాసింది. "ఇక్కడికి దగ్గర్లో పావగడ అని ఉంది. కన్నడ రాజ్యమే గాని మనుషులంతా తెలుగే. కరువుకి జనం ఇళ్లలో సామాన్లన్నీ అమ్ముకుంటున్నారట. నీ జాడీలూ దొరుకుతాయేమో చూడు" అని. ఒకళ్ల కరువులో నా వేట ఏమిటని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఆ క్షణం దాటగానే సంచి సర్దుకున్నాను.

పావగడ: బండ కింద ఊరు

హిందూపురంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎర్రమట్టి, రాళ్లు, మళ్లీ ఎర్రమట్టి. దున్ని వదిలేసిన చేలలో మనిషి లేడు. మా వైపు ఎండాకాలంలో కూడా పొలంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. ఇక్కడ మైళ్లకు మైళ్లు చాలు మీద చాలు చక్కగా గీసి ఉంది, ఆ గీసినవాళ్లంతా ఏమైపోయారో తెలీదు. పక్క సీటు ముసలాయన్ని అడిగితే, "బుడ్డలేస్తే విత్తనం కూడా రాల్యామ్మా. అందరూ బెంగుళూరు పోయినారు" అన్నాడు. బుడ్డలంటే వేరుశనగ. నేను ఇంకేవో బుడ్లు అనుకుని కాసేపు కంగారుపడ్డాను.

ఊరు నెత్తిన పెద్ద బండకొండ. ఎటు తిరిగినా అది వెనకే ఉంటుంది. మధ్యాహ్నానికి దాని వేడి వీధుల్లోకి దిగుతుంది. బస్టాండు ఎదురుగా టీ అంగడిలో కూర్చున్నాను. టీ అర్ధరూపాయి, అల్లం దండిగా వేశాడు. సుబ్బులు రాసిన పేరు చూపించి, "పాత సామాన్ల చౌడప్పగారు ఇప్పుడు అంగట్లో ఉన్నారా?" అని అడిగాను.

"చౌడప్పనా?" గ్లాసులు కడుగుతూనే అన్నాడతను. "ఉండడు."

ఈ ఎండలో మైలు దూరం నడిచి మూసిన అంగడి చూడ్డం ఎందుకని లాడ్జికి పోయి పడుకున్నాను. సాయంత్రం వెళ్తే చౌడప్ప పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని ఉన్నానన్నాడు. పరాయిదాన్నని టీ అంగడి మనిషి నన్ను ఆటపట్టించాడని ఒళ్లు మండి, మర్నాడు పొద్దున అతని టీ మానేసి ఎదురంగడికి వెళ్లాను.

గుజరీ అంగడి

పాత సామాన్ల అంగడిని అక్కడ గుజరీ అంగడి అంటారు. చౌడప్పకి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట మెత్తన. అంగడి ముందు గోడకి ఇరవై ముప్పై తలుపులు ఆనించి ఉన్నాయి. పసుపు, కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. ఒకదాని మీద సుద్దతో పిల్లలెవరో అ ఆ ఇ ఈ రాసుకున్నారు.

"ఇళ్ల తలుపులు కూడా అమ్ముకున్నారా?" అన్నాను.

"ఇంట్లో ఏముండాదని తలుపు, మేడమ్? తీసిచ్చి పోయినారు. వానలు పడితే వచ్చి కొనుక్కుంటామన్నారు. అందుకే నేను యా తలుపు అమ్మల్యా."

అతని మీద గౌరవం కలిగింది. లోపల ఇత్తడి, కంచు, రాతిచిప్పలు, మూలగా జాడీలు. నేను నేరుగా మూలకి పోయి, మొదటి జాడీ తట్టి, బోర్లించాను. చౌడప్ప ఒక్క అంగలో వచ్చి దాన్ని మళ్లీ నిలబెట్టాడు.

"మా పక్క బోర్లిచ్చరు మేడమ్. మనిషి నీళ్లు తాగే పాత్ర, ఆ మనిషి ఉండేంతవరకూ బోర్లిచ్చకూడదు. పోయినాక, దినాల్లో బోర్లిస్తారు. అంగట్లోకి వచ్చినవి ఎవురివో, ఉండారో పోయినారో నాకేం తెలుసు? అందుకే అన్నీ నిలబెట్టే పెట్టుకుంటా."

మా ఇంట్లో బిందెలు కడిగి బోర్లిస్తేనే శుభ్రం. రాత్రికి ఒక్క చెంబు నిటారుగా ఉంటే మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. ఆ మాట చెబితే చౌడప్ప నన్ను జాలిగా చూశాడు. అప్పుడు గమనించాను, ఆ అంగట్లో వందల పాత్రలు నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాయి. ఒక్కదానికీ మూత లేదు. ఎందుకో పమిట సర్దుకున్నాను.

చెప్పుకోదగ్గ జాడీ ఒక్కటీ లేదు. నా ముఖం చూసి చౌడప్పే అన్నాడు: "నిడుగల్లు కింద ఒక పల్లెలో ఉండాది మేడమ్. తేనెరంగు జాడీ. భుజానికి నాలుగు చెవులు. ఓబులక్కని ఒకామె ఇంట్లో. ఇయ్యదు. పద్దెనిమిదిసార్లు అడిగినా నేను. చూసి రావాలంటే రేపు నేను ఆ పక్కే పోతాండా, రాండి."

నాలుగు చెవుల జాడీ అంటే తాడు కట్టి ఓడలో కదలకుండా బిగించేవి. పుస్తకంలో బొమ్మ చూశాను గాని చేత్తో తాకలేదు. ఆ రాత్రి చక్కగా నిద్రపట్టిందని చెబితే అబద్ధం.

నిడుగల్లు దారి

బస్సు దిగి మట్టిదారి పట్టాం. పైన కొండ మీద పాత కోట గోడలు, కింద మేకలు. మేకలు కూడా అరవడం లేదు. ఒక ఊరు దాటాం. సగం ఇళ్లకు తలుపుల్లేవు. గుమ్మం లోంచి చూస్తే పెరటి గుమ్మం, దానిలోంచి అవతలి చేను కనిపిస్తున్నాయి. గాలి ముందు గుమ్మంలో దూరి వెనక గుమ్మంలోంచి పోతోంది. నేను గబగబా నడిచాను. చౌడప్ప మాత్రం ఒక్కో ఇంటి ముందూ ఒక క్షణం ఆగి, ఏ తలుపు ఏ గుమ్మానిదో నెమరేసుకుంటున్నట్టు చూసి, కదిలాడు.

ఓబులక్క ఊళ్లో పదిహేను ఇళ్లు. మనుషులున్నవి నాలుగో అయిదో. ఆమె ఇంటికి తలుపు ఉంది. బార్లా తీసి, రెక్క కదలకుండా రాయి అడ్డం పెట్టి ఉంది.

ఓబులక్క ఇల్లు

మేం వెళ్లేసరికి ఆమె బిందె చంకనెత్తుకుని వస్తోంది. నా వయసే ఉంటుంది, నలభై నాలుగో అయిదో. నుదుట రూపాయంత కుంకుమ, చేతినిండా మట్టిగాజులు. చేతిపంపు మైలు దూరం, రోజుకి మనిషికి రెండు బిందెలే వంతుకొస్తాయట. ఆ తెచ్చిన బిందె నీళ్లు తన తాగునీళ్ల కుండలో పొయ్యలేదు. గోడవారగా ఉన్న జాడీలో, అంచుదాకా, చుక్క కింద పడకుండా పోసింది. చెక్క మూత పెట్టి, పక్కన ఇత్తడి చెంబు నిలబెట్టింది. అప్పుడు మా వైపు తిరిగి, "రాండి, కూసోండి" అంది.

నేను జాడీనే చూస్తున్నాను. బెల్లం పాకం పోసినట్టు పైనుంచి కిందికి జారి ఆగిన రంగు. భుజం మీద నాలుగు చెవులూ చెక్కుచెదరలేదు. తినేసేట్టు చూశానేమో, ఆమె నవ్వింది.

"దీనికేనా వచ్చినావు? చౌడప్ప చెప్పలేదా? అది ఇచ్చేది కాదక్కా."

చౌడప్ప ఊరి చివర ఎవరిదో కంచుతప్పెల చూడాలని వెళ్లిపోయాడు. మేమిద్దరం కూర్చున్నాం. మాది ఏ ఊరని అడిగింది. తెనాలి అన్నాను. ఊరి మధ్యలోంచి కాలువలు పారతాయని చెప్పాను.

"ఊరి నడుమనా?" ఆమె ముందుకు జరిగింది. "ఎన్ని కాలువలు?"

"మూడు."

"ఎండాకాలం గూడా నీళ్లుంటాయా?"

"కాలువ కట్టేసిన రోజుల్లో తప్ప ఎప్పుడూ ఉంటాయి."

ఆమె ఖాళీ బిందెని దగ్గరికి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "మీ ఇంటాయన ఏం జేస్తాడు?" అని అడిగింది.

"లేరమ్మా. పోయి మూడేళ్లయింది." అలా చెప్పగానే ఎదుటివాళ్ల చూపు నా బొట్టు మీదికి పోతుంది. నేను బొట్టు తియ్యలేదు. చిన్నది, నల్లది, ఆఫీసుకి పెట్టుకునేది. ఓబులక్క చూపు మాత్రం అటు పోలేదు. ఆ ఒక్కదానికే ఆమె నాకు నచ్చింది. "మరి మీ ఆయన?" అన్నాను.

"మా ఆయప్ప నీళ్లు చూసేవాడు. చేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా తిరిగి, యాడ బోరేస్తే నీళ్లు పడతాయో చెప్పేవాడు. బోరు లారీవాళ్లు పిల్చుకోని పోయినారు, పదకొండేండ్లాయ." జాడీ వైపు చూసి అంది. "ఉండడు."

లేడు అనడానికి వీళ్లు ఉండడు అంటారు కాబోలు, మా మాట కంటే ఎంత మెత్తగా ఉందో అనుకున్నాను. ఆమె బొట్టు సంగతి కూడా నాకు ఏమాత్రం వింతగా తోచలేదు. నేను తియ్యలేదు, ఆమె తియ్యలేదు. ఇంత దూరం వచ్చి నాలాంటిదాన్ని కలుసుకున్నానని నా గుండె నిండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎందుకో తెలీక ఆమె కూడా నా చెయ్యి పట్టుకుంది.

మజ్జిగ

సంగటి పొయ్యి మీదుంది. శెనక్కాయల ఊరిబిండి నూరి పెట్టింది. "దీంట్లోకి మజ్జిగుంటే బాగుంటాది. ఆ చివరింట్లో గేదె ఉండాది, పోయి తెస్తా" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మధ్యాన్నం పూట ఇల్లు వదిలి పోను నేను. ఈ పొద్దు నువ్వుండావు గదా. ఈడే కూసో, యాడికీ పోవద్దు."

సరేనన్నాను. ఆమె వెళ్లింది.

మిట్టమధ్యాహ్నం. మా ఊళ్లో ఆ వేళకి కూడా కాకో, రిక్షా గంటో, పక్కింటి రేడియోనో వినిపిస్తుంది. ఇక్కడ ఏమీ లేదు. వినడమే పనిగా బతికినదాన్ని, అంతటి నిశ్శబ్దం నా చెవులు ఎరగవు. గుమ్మంలోంచి పడిన ఎండ నేల మీద తలుపంత మేర తెల్లగా పరుచుకుంది. గోడకి ఆనుకున్నాను. కళ్లు మూతపడ్డాయి.

నిద్రలో చప్పుడు వినిపించింది. దాహంగా ఉన్న మనిషి ఆగకుండా నీళ్లు తాగేటప్పుడు గొంతులో అయ్యే గుటకల చప్పుడు. ఒకటి, రెండు, మూడు... లెక్క మర్చిపోయాను. భయం వేయలేదు. మా ఆయన కూడా ఎండనపడి వచ్చినప్పుడు అలాగే తాగేవారు, ఆ చప్పుడు నాకు వంటింట్లోకి వినపడేది. నిమ్మళంగానే అనిపించింది. తర్వాత మెలకువ వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. నేల మీద ఎండ అరచేతి వెడల్పు జరిగింది, అంతే.

ఓబులక్క వచ్చి మళ్లీ వెళ్లిందేమో అనుకున్నాను. లేచి జాడీ దగ్గరికి వెళ్లాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోలేదు, ఇక ఆగలేకపోయాను. వేలి కణుపుతో తట్టాను.

నిండు జాడీ మొద్దుగా పలుకుతుంది. ఇది ఖంగుమని మోగింది.

మూత తీశాను. ఖాళీ. చుక్క నీరు లేదు, తడి మరక కూడా లేదు. నేను నిద్రపోయినప్పుడు ఓబులక్క వంటకి నీళ్లు వంపుకుని ఉంటుంది, ఈ ఎండకి ఆరిపోయి ఉంటుంది అనుకున్నాను. మనసు దానికి కావలసిన కారణం అదే వెతుక్కుంటుంది. చౌడప్ప చెప్పింది గుర్తు రాకపోలేదు. మనిషి ఉండేంతవరకూ బోర్లించకూడదు. కాని ఆయన ఉండడని ఆమే చెప్పింది కదా. రెండు చెవులు పట్టుకుని ఎత్తి, జాడీని నేల మీద బోర్లించాను.

అడుగున ముద్ర లేదు. మన్ను పచ్చిగా ఉండగా పడిన ఎవరిదో బొటనవేలి అచ్చు మాత్రం ఉంది. వంగి దాన్నే చూస్తున్నాను. గుమ్మంలోంచి పడే ఎండకి నీడ అడ్డొచ్చింది. తలెత్తితే గుమ్మంలో ఓబులక్క, చేతిలో మజ్జిగ చెంబు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చెంబు మెల్లగా కింద పెట్టి వచ్చి జాడీ పక్కన కూర్చుంది. నేల మీద అరచెయ్యి పరిచి చుట్టూ తడిమింది. నేలంతా పొడి. జాడీ నిలబెట్టి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. ఆ చేతిని తీసి చూసుకుంది. పొడి.

"నీళ్లు యాడ పోసినావక్కా?"

"నేను పొయ్యలేదు. ఖాళీగా ఉంది. నువ్వే వంపుకున్నావనుకున్నాను."

"నేను ఇప్పుడే గదా వస్తాండేది." నా ముఖంలోకి చూసింది. "నువ్వుంటివి గదా ఈడ. చూసినావా?"

"ఎవరిని?"

"ఆయప్పను."

"అదేమిటమ్మా... ఆయన ఉండడని నువ్వే చెప్పావు కదా."

"ఉండాడు అంటి." నాకు వినపడలేదనుకుని, చెవిటిదానికి చెప్పినట్టు సాగదీసి మళ్లీ అంది. "ఉం...డా...డు."

అప్పుడు వినిపించింది. ఒక్క దీర్ఘం. ఉన్నాడు అనడానికి వీళ్ల మాట అది. టీ అంగడి మనిషి చౌడప్ప ఉన్నాడనే చెప్పాడు. ఈమె మొగుడు ఉన్నాడనే చెప్పింది. ఇరవై రెండేళ్ల నా చెవి, నా గర్వం, ఆ దీర్ఘాన్ని రెండుసార్లూ మింగేసింది.

"పోయేటప్పుడు చెప్పినాడు," ఓబులక్క జాడీతో చెబుతున్నట్టు అంది. "నీళ్లు నిండుగా పెట్టుండు. నీళ్లుండే ఊరు చూసి, మధ్యాన్నానికి వచ్చి తాగి, నిన్ను పిల్చుకోని పోతా అన్నాడు. యా మధ్యాన్నమో చెప్పల్యా. రోజూ నింపి పెడతా. పొద్దు వాలినాక చూస్తే ఒక చెంబు తగ్గి ఉంటాది. ఒక చెంబే. దావలో పోతా పోతా తాగిపోతాడు అనుకుంటాంటి. మిగిలిండేవి వంటకు పోసుకుంటా. పదకొండేండ్లు, మధ్యాన్నం పూట ఈ గడప దాటల్యా. ఈ పొద్దు నీకు మజ్జిగ తెద్దామని పోతి. ఈ పొద్దు అంతా తాగినాడు."

నేను గుటకల సంగతి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, దాచలేకపోయాను. నేను నిద్రపోయానని, ఆమె నమ్మి కూర్చోబెట్టిపోతే గోడకి ఆనుకుని నిద్రపోయానని చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఎన్ని గుటకలు?"

"చాలా."

"దప్పికతో వచ్చినాడు పాపం," అంది. లేచి నాకు కంచం పెట్టింది. సంగటి ముద్ద, ఊరిబిండి, మజ్జిగ. నేను కంచం ముట్టలేదు. "తిను. దానికోసరమే గదా నేను పోయింది" అంది. ఆ మాటలో కోపం లేదు, అందుకే ప్రతి ముద్దా మింగాను.

చౌడప్ప తిరిగొచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఓబులక్క జాడీని పాత చీరలో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"వద్దమ్మా. నావల్ల కాదు. నన్ను క్షమించు, దాన్ని ఉండనియ్యి."

"బోర్లిచ్చినాక ఈ ఇంట్లో ఆయప్ప మల్లా దీంట్లో తాగడు. ఇది ఈడ ఉంటే నేను పోస్తానే ఉంటా. సాయంత్రం చూస్తే చెంబు కూడా తగ్గి ఉండదు. అది నేను చూడలేనక్కా." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీ ఊర్లో కాలువలు, మూడన్నావు గదా?"

"మూడు."

"నీళ్లుండే ఊరే చూడబోయినాడు ఆయప్ప. ఆడికి ఎత్తుకోని పో. నింపి పెట్టు."

పర్సు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని మూసేసింది. మేం పది అడుగులు వేశామో లేదో వెనక రాయి జరిపిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఓబులక్క తలుపు మూస్తోంది. సరిగ్గా పడక రెండుసార్లు నెట్టింది. నుదుట కుంకుమ అలాగే ఉంది.

మళ్లీ టీ అంగడి

దారిలో జాడీ అందుకోమంటే చౌడప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "పద్దెనిమిదిసార్లు అడిగినందుకు నాకే పాపం తగుల్తాది మేడమ్" అన్నాడు. ఓబులక్క మొగుడు నూతిలో పడ్డాడని కొందరు, లారీతో మహారాష్ట్ర పోయాడని కొందరు చెప్పుకుంటారని పావగడలో బస్సు దిగేటప్పుడు అన్నాడు. ఏదీ ఎవరూ చూసింది కాదు.

హిందూపురం బస్సుకి ఇంకా సమయం ఉంది. తప్పు నాదే కాబట్టి మొదటి టీ అంగడికే వెళ్లి కూర్చున్నాను. పక్క కుర్చీలో జాడీ పెట్టాను. అతను రెండు గ్లాసులు తెచ్చి ఎదురుగా పెట్టాడు.

"నేనొక్కదాన్నేనయ్యా" అన్నాను.

అతను నన్ను, పక్క కుర్చీని మార్చి మార్చి చూశాడు. "ఒకరేనా? ఇద్దరనుకుంటి" అని గొణిగి, రెండో గ్లాసు తీసుకుపోయాడు. నేను ఒకరికే డబ్బిచ్చి, ఇంకో అర్ధరూపాయి గ్లాసు కింద పెట్టి లేచాను.

తెనాలి

పదమూడు జాడీలూ హాల్లో అలమారాలో ఉన్నాయి. ఇది వాటితో పెట్టలేదు. వంటింటి గుమ్మం పక్కన, గోడవారగా పెట్టాను. డ్యూటీకి పోయే ముందు కాలువ నీళ్లు కాచి చల్లార్చి అంచుదాకా పోస్తాను. మూత పెట్టి, చెంబు నిలబెడతాను. మొదటి పది రోజులు నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. సాయంత్రం వచ్చి మూత తీసి చూసినప్పుడల్లా ఓబులక్క మూసిన తలుపే కళ్ల ముందు కనపడేది. నా చేత్తో ఒక మనిషిని లేకుండా చేశానని కుమిలిపోయాను. అలా అనుకుంటూ ఒకరాత్రి అన్నం కూడా తినలేదు.

పదకొండో రోజు సాయంత్రం మూత తీస్తే ఒక చెంబు తగ్గి ఉంది. వెలితిని చెంబుతో నింపి చూశాను, సరిగ్గా సరిపోయింది. బీట ఉందేమోనని ఖాళీ చేసి తట్టాను. ఖంగుమంది. బోర్లించలేదు. ఆ రాత్రే పావగడ చౌడప్ప అంగడి చిరునామాకి ఒక కార్డు రాశాను. "ఓబులక్కకి చదివి చెప్పండి. ఒక చెంబు తగ్గింది" అని, అంతే.

మొన్న సుబ్బులు పిల్లల్ని తీసుకుని వచ్చింది. వచ్చీ రాగానే వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. "ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకుని ఈ జాడీలో నీళ్లెవరికే అక్కా? ఉండేది నువ్వొక్కదానివే కదా. బావ కూడా లేకపోయె."

నేను మూత సరిచేసి చెంబు నిలబెట్టాను. ఈసారి తప్పు పలక్కూడదని, దీర్ఘం జాగ్రత్తగా తీసి చెప్పాను.

"ఉండాడు."